ఆ సీడీలో మా పక్కింటాయన లేడు

మా పక్కింటాయన పోయాడు. మంగళవారం పొద్దున మా అమ్మాయి ఆఫీసుకు బయలుదేరబోతూ ఫోను చూసుకుని, బ్యాగు సోఫాలో పడేసి నా గదిలోకి వచ్చింది. "నాన్నా, పక్కింటి అంకుల్ పోయారట. తెల్లవారుజామున, హాస్పిటల్‌లో. వాళ్ళబ్బాయి మెసేజ్ పెట్టాడు" అంది. నేను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. "సరే" అన్నాను. ఇంకేమైనా అంటానేమోనని అమ్మాయి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నాకు మాటలు త్వరగా రావు. రెండో చెంప గీసుకోకుండానే మొహం కడిగేసుకున్నాను.

శనివారం ఆయన్ను సాగనంపాం. అక్కడ ఆయన వాయించిన పాట అని చెప్పి ఇంకెవరో వాయించిన పాట పెట్టారు. పెట్టారు అని రాయడమెందుకు, మిషను దగ్గర కూర్చుని పెట్టింది నేనే. పాట నడుమ కాసేపు చప్పుడు ఆగిపోయింది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడ ప్లేనోలో మన తెలుగువాళ్ళు నన్ను ఓదారుస్తున్నారు. "పర్లేదు అంకుల్, కొత్త మిషను, ఎవరికైనా చెయ్యి తడబడుతుంది" అంటున్నారు. గుడిలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఆ ఓదార్పు వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. నా చెయ్యి తడబడలేదు. ఆ ముక్క రాయడానికే ఈ కాగితం పట్టుకున్నాను. మన తెలుగు సంఘం పత్రికలో పోయినవాళ్ళ గురించి రాయడం అలవాటే. ఆయన తెలుగువాడు కాదు. అయినా రాస్తాను. రాయడానికి నాకు వేరే చోటు లేదు.

ఆయన టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఊళ్ళో ఒక హార్డ్‌వేర్ షాపులో తాళాలు అమ్మి రిటైరయ్యాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక గాయకుడి వెనక కూర్చుని స్టీల్ గిటార్ వాయించాడు. ఆ పాటల్ని ఇక్కడ కంట్రీ పాటలంటారు. పొలాలు, లారీలు, విడిపోయిన ఆలుమగలు, తాగుడు, దేవుడు, అన్నీ ఉంటాయి అందులో. ఆ గాయకుడు బాగా పేరున్నవాడు. ఆ పేరు రాయను. వయసులో పెద్దవాడే, అయినా ఇక్కడ వాడు అనే రాస్తాను.

స్టీల్ గిటార్ అంటే భుజాన తగిలించుకునేది కాదు. కాళ్ళున్న బల్లలా ఉంటుంది. దాని ముందు కూర్చుని, ఎడమచేతిలో నున్నటి ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద జరుపుతారు. కుడిచేత్తో మీటుతారు. కింద కాళ్ళతో తొక్కడానికి పెడల్స్ ఉంటాయి. తొక్కితే స్వరం వంగుతుంది. మనిషి ఏడుపు మింగుకుని మాట్లాడితే గొంతు ఎలా వంగుతుందో అలాగ.

నాది మైక్‌సెట్టు పని. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, రెండు హారన్లు, ఒక ఆంప్లిఫైయరు, ఒక రికార్డు ప్లేయరు సైకిలుకు కట్టుకుని ముప్పై ఏళ్ళు తిరిగాను. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికైనా, పేరంటానికైనా, ఎన్నికలకైనా మైకు నాదే. మైకు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది కానీ అందులో మాట్లాడింది తక్కువ. "హలో, హలో" అని చూసి పక్కవాళ్ళకు ఇచ్చేవాణ్ణి. మా ఆవిడ పోయాక అమ్మాయి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. కారు లేనిదే కాలు కదలని ఊరు. నాకు డ్రైవింగు రాదు. నడిచి వెళ్ళగలిగిన ఒకే ఒక్క ఇల్లు ఆయనది.

వచ్చిన మొదటి ఎండాకాలంలోనే పరిచయమైంది. ఆయన గరాజ్ తలుపు సగం ఎత్తి, లోపల ఫ్యాను పెట్టుకుని వాయించుకునేవాడు. మా డ్రైవ్‌వేలోకి వినపడేది. వాయిద్యం కంటే ముందు నాకు వినపడింది గుర్రుమనే చప్పుడు. ఆంప్లిఫైయర్లోంచి. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు ఓర్చుకోలేక వెళ్ళి గరాజ్ ముందు నిలబడ్డాను. ఆయన వాయించడం ఆపి చూశాడు. నాకు ఇంగ్లీషు రాదు. వేలు పెట్టి వైరు చూపించాను. ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. అంతే, ఎవరు నువ్వు అని కూడా అడగలేదు. పిన్ను విప్పితే లోపల సాల్డరింగ్ ఊడి ఉంది. ఆయన దగ్గరే సామానుంది, అతికించాను. గుర్రు పోయింది. ఆయన ఒక్క తీగ మీటి, అది చల్లారిపోయేదాకా చెవి పెట్టి విని, నా వైపు తిరిగి "పార్ట్‌నర్" అన్నాడు. అప్పట్నుంచి ఆఖరిదాకా నన్ను అలాగే పిలిచాడు.

ఆరేళ్ళు, దాదాపు రోజూ సాయంత్రం ఒక గంట అక్కడే. నాకు బోర్లించిన పెయింటు బకెట్టు. ఆయన అన్న మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కొన్ని నాకు అర్థమైనవి, కొన్ని చేతులతో చెప్పినవి, మిగతావి అమ్మాయి విప్పి చెప్పినవి. ఆయనతో మాట్లాడటానికి నాకు భయం ఉండేది కాదు. ఒక ఇంగ్లీషు మాట కోసం నేను వెతుక్కుంటుంటే మిగతావాళ్ళందరూ తొందరపడి అందిస్తారు, నేను చెప్పాలనుకున్నది కాకుండా వేరేది. మా అల్లుడైతే నా వాక్యం పూర్తి చేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేస్తాడు. ఈయన ఆగేవాడు. కడ్డీని చొక్కాకు తుడుచుకుంటూ ఎంతసేపైనా ఆగేవాడు. అదే ఆయన పని అని తర్వాత తెలిసింది. "పాడేవాడు ఊపిరి తీసుకునే చోట నేనుంటాను. వాడు నోరు తెరిస్తే నేనుండను" అని చెప్పాడు ఒకసారి. ఆయన వాయిద్యం గురించి ఆయన చెప్పిన పెద్ద మాట ఇంతే.

ఆవకాయ తినేవాడు. అన్నంతో కాదు, ఉప్పు బిస్కెట్ల మీద రాసుకుని. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకుని ఇంకో బిస్కెట్టు అందుకునేవాడు. "ఇది తిని మీవాళ్ళు పాటలు ఎలా పాడతారు?" అనేవాడు. వాయించేటప్పుడు చేతుల వంక చూసేవాడు కాదు, ఎదురుగా గోడ మీద వేలాడే రంపాన్ని చూసేవాడు. ఇంటికి ఎవరొచ్చినా, కొరియర్ అబ్బాయి వచ్చినా, వాయించడం ఆపేసి ముందు వాళ్ళ మాట వినేవాడు.

ఇప్పుడు ఆ పాట సంగతి. ఒక లారీ డ్రైవరు ఎక్కడో దూరపు ఊరి నుంచి ఇంటికి ఫోను చేస్తాడు. మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. పాటంతా అంతే. రెండో చరణంలో "మోగుతోంది, మోగుతోంది" అని గాయకుడు ఆపుతాడు. అక్కడ ఎనిమిది తాళం దెబ్బల పాటు గొంతు ఉండదు, ఈయన స్టీల్ గిటార్ ఒక్కటే ఉంటుంది. పాటంతటికీ ప్రాణం అదే. సభల్లో జనం ఆ చోటు కోసం కాచుకుని ఉండేవారట. అది రాగానే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారట.

ఆ చోటు ఎలా పుట్టిందో ఆయన ఒకసారి నవ్వుతూ చెప్పాడు. రికార్డింగ్ రోజున వాడు తర్వాతి పంక్తి మర్చిపోయాడు. అక్కడ ఈయన వాయించాల్సింది ఏమీ లేదు. ఒక దెబ్బ వాడి కోసం చూశాడు. వాడి మొహం తెల్లబోయి ఉంది. అప్పుడు ఈయన కడ్డీ జరిపాడు. ఒక దెబ్బ ఆలస్యంగా మొదలుపెట్టి, మెల్లగా పైకి వెళ్ళి, వాడికి మాట గుర్తొచ్చేదాకా అక్కడే తిరుగుతూ ఉన్నాడు. వాడికి గుర్తొచ్చింది, పాడాడు. ఇది బాగుంది, ఇలాగే ఉంచండి అన్నారట గదిలో ఉన్నవాళ్ళు. "వాడు మర్చిపోబట్టి నాకు చోటు దొరికింది" అన్నాడు ఆయన. నాకు ఆ ఎల్పీ రికార్డు పెట్టి వినిపించాడు. ఆ ఒక్క దెబ్బ ఆలస్యం ఉంది చూడండి, అది వింటే నాకు గుండెలో ఏదో మెట్టు తప్పినట్టయ్యేది. అన్నేళ్ళు ఎన్ని వేల పాటలు వేశానో, అలాంటిది వినలేదు.

మా పరిచయమైన నాలుగేళ్ళకు ఆ సీడీ వచ్చింది. ఆయన కొడుకు హ్యూస్టన్‌లో ఉంటాడు, మంచి కుర్రాడు, యాభై దగ్గర పడుతున్నాడు. నాన్న పుట్టినరోజుకు కొని తెచ్చాడు. గ్రేటెస్ట్ హిట్స్ అని అట్ట మీద పెద్ద బంగారు అక్షరాలు, టోపీ పెట్టుకున్న ఆ గాయకుడి ఫొటో, పాతది, వయసులో ఉన్నప్పటిది. ఇరవై పాటలు, అన్నీ ఈయన వాయించిన రోజులవే. తండ్రీకొడుకులు రాత్రి భోజనం దగ్గర విన్నారట, కొడుకు ఏడ్చాడట. మర్నాడు కొడుకు వెళ్ళిపోయాక ఈయన నన్ను పిలిచి పికప్ ట్రక్కులో కూర్చోబెట్టుకున్నాడు. గరాజ్‌లో ఉన్నది రికార్డు ప్లేయరు. సీడీ పట్టేది ట్రక్కులోనే. ఏసీ పెట్టి, డ్రైవ్‌వేలోనే నిలబెట్టి, లారీ పాట వేశాడు.

ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ చోటు వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే కదిలాయి, ఎడమచెయ్యి తొడ మీద జరిగింది. సీడీలోది ముందు వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి ఒక దెబ్బ వెనక పడింది. అందుకోవడానికి చూడలేదు. తన పద్ధతిలోనే చివరిదాకా జరిపి ఆపాడు. సీడీలో అప్పటికే వాడు పాడేస్తున్నాడు.

నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్తాను. ఒకప్పుడు బెజవాడలో కొత్త సినిమా క్యాసెట్టు కొన్నాను. అట్ట మీద హీరో బొమ్మ, పాటల పేర్లు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెళ్ళి ఊరేగింపులో వేశాను. రెండో చరణం రాకముందే మగపెళ్ళివారి తాలూకు పెద్దాయన ఒకాయన వచ్చి, "ఏమయ్యా మైకూ, ఈ గొంతు ఎవడిది?" అన్నాడు. అసలు పాడినవాళ్ళు కాదు, వాళ్ళలా పాడేవాళ్ళ చేత మళ్ళీ పాడించి అమ్మిన క్యాసెట్టు. అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది. నేనే చదవలేదు. ఊరేగింపంతా నన్ను ఆటపట్టించారు. ఆనాటి నుంచి అట్ట వెనక చిన్నక్షరాలు కూడబలుక్కుని చదవకుండా నేను దేన్నీ మిషన్లో పెట్టి ఎరగను.

ట్రక్కులో ఆ సీడీ అట్ట తిప్పాను. అడుగున ఉంది. అక్షరం అక్షరం చదివాను. ఈ పాటలన్నీ కొత్తగా రికార్డు చేసినవి అని. వాయించినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. అందులో ఈయన పేరు లేదు. వేలు పెట్టి చూపించాను. "నాకు తెలుసు. రాత్రే చూశాను" అన్నాడు. అట్ట నా చేతిలోంచి తీసుకుని, "కుర్రాడెవరో నీట్‌గా వాయించాడు" అన్నాడు.

నీట్‌గా. ఆ కుర్రాడు పాత రికార్డు విని, ఈయన వాయించినదాన్ని స్వరం స్వరం నేర్చుకుని, ఆ ఆలస్యాన్ని తప్పనుకుని దిద్ది వాయించాడు. మాట మర్చిపోయి నీళ్ళు నమిలిన రోజున కాపు కాసిన మనిషినే ఆ గాయకుడు మర్చిపోయాడు. చచ్చిపోయాడనుకున్నాడా? పలకరించి ఉంటే ఈయన బస్సెక్కి వెళ్ళేవాడు. చేతులు అప్పటికి బాగానే ఉన్నాయి. రోజూ సాయంత్రం నేను చూస్తూనే ఉన్నాను కదా.

నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ రోజు వాడేశాను. కాల్ హిమ్, టెల్ హిమ్ అన్నాను. ఏమని చెప్పమంటావు అన్నాడు. అది నీదని చెప్పు అన్నాను. ఆయన ట్రక్కు ఇంజను ఆపేశాడు. ఎండకు లోపల వేడెక్కిపోతున్నా దిగలేదు. "పాత రికార్డుల హక్కులు కంపెనీ చేతిలో ఉన్నాయి పార్ట్‌నర్. వాడి పాట వాడు మళ్ళీ పాడుకున్నాడు, తప్పేముంది? నేను వాయించింది ఇప్పుడు పాటలో కలిసిపోయింది. ఎవడు కూర్చున్నా అదే వాయించాలి. నాకు అది చాలు" అన్నాడు. నాకు చాలలేదు. ఇప్పటికీ చాలదు.

తర్వాత అసలు మాట అన్నాడు. "మా అబ్బాయికి మాత్రం చెప్పకు. నాన్నే వాయించాడని ముచ్చటపడి కొన్నాడు. విని ఏడ్చాడు. మాటివ్వు." ఆయన్ను కాదనడం నాకు రాలేదు. ఓకే అన్నాను. ట్రక్కు దిగి, తలుపు గట్టిగా వేసి వచ్చేశాను.

పది రోజులు వెళ్ళలేదు. అలా అలిగి కూర్చోవడం నా వయసుకు తగదని తెలుసు. పదకొండో రోజు ఆయనే ఖాళీ ఆవకాయ సీసా పట్టుకుని మా తలుపు కొట్టాడు. అమ్మాయి తీసింది. నవ్వు ఆపుకుంటూ లోపలికి కేకేసింది. "నాన్నా, మీ ఫ్రెండ్ వచ్చారు. మీకు కోపం వచ్చిందా అని అడుగుతున్నారు." వచ్చిందని చెప్పు అన్నాను. చెప్పింది. "ఎంత వచ్చిందని అడుగుతున్నారు." నేను బయటికొచ్చి రెండు చేతులూ చాచి చూపించాను. ఆయన సీసా వంక చూసుకుని, "అయితే దీనికంటే పెద్ద సీసా ఇవ్వాలి" అన్నాడు. ఇచ్చాను. ఆ సీడీ ఊసు మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు.

ఈ ఏడాది మొదట్లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. కడ్డీ పట్టుకుంటే చెయ్యి వణికేది. కొన్నాళ్ళకు గిటార్ మీద దుప్పటి కప్పేశాడు. నన్ను ఎల్పీ పెట్టమనేవాడు. ముల్లు తుడిచి పెట్టేవాణ్ణి. కళ్ళు మూసుకుని వినేవాడు. పాట అయిపోయాక కూడా ముల్లు ఉత్త గీతల్లో తిరుగుతుంటే, తీయొద్దని చేత్తో సైగ చేసేవాడు. హాస్పిటల్లో ఆఖరుసారి చూసినప్పుడు ముక్కుకు గొట్టం ఉంది. మంచం పక్కన కూర్చుని మాట కోసం వెతుక్కున్నాను. ఎప్పట్లాగే ఆయన ఆగాడు. నాకు మాట దొరకలేదు. అలాగే వచ్చేశాను.

పోయిన మర్నాడు కొడుకు వచ్చాడు. ఒక చిన్న చర్చి హాల్లో ప్రార్థన, పాట, తర్వాత శ్మశానం. చర్చిలో మిషను చూసుకునే మనిషి ఊళ్ళో లేడట. "మా నాన్న ఎప్పుడూ చెప్పేవారు, మీరు సౌండ్ మనిషని. ఆ రోజు మీరు చూసుకుంటారా సర్?" అని నన్ను అడిగాడు. తలూపాను. వేయాల్సిన పాట ఏదో చెప్పాడు. లారీ పాటే. సీడీ చేతిలో పెట్టాడు, బంగారు అక్షరాలది.

నేను గరాజ్‌లోకి వెళ్ళి ఎల్పీ తెచ్చాను. ఇది అన్నాను. కొడుకు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మా అమ్మాయితో ఏదో చెప్పాడు. "నాన్నా, అది బాగా గీరుకుపోయిందట. సీడీలో క్లీన్‌గా ఉంటుంది కదా అంటున్నాడు. చర్చిలో రికార్డు ప్లేయర్ కూడా లేదట" అంది అమ్మాయి. ఇదే మంచిది అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి కూడా అన్నాను. "వై, సర్?" అని కొడుకే అడిగాడు, ఎంతో మర్యాదగా. కళ్ళు వాచి ఉన్నాయి. అసలు సంగతి నా నోటిదాకా వచ్చింది. తండ్రికి ఇచ్చిన మాట అడ్డొచ్చింది. నథింగ్ అన్నాను. ఒళ్ళు మండుతోందన్నాను కదా, ఆ కోపంలో కొంత నామీద కూడా ఉంది. అవసరానికి నా నోట వచ్చిన మాట అదొక్కటే, నథింగ్. పోయినాయన మీదా ఉంది. మంచితనం ఆయనది, దాని బరువు మోయాల్సింది నేను.

అప్పటికీ సరే అనుకున్నాను. ఆయన చాలన్నాడు, కొడుక్కి ముచ్చట, మధ్యలో నేనెవరిని? సీడీ వేసేసి ఇంటికి పోదామనే వెళ్ళాను శనివారం. హాల్లో ఆయన్ను ఉంచిన పెట్టె పక్కన ఒక పూల గుత్తి ఉంది. మనిషంత ఎత్తు, అన్నీ తెల్లవే. కార్డు అమ్మాయి చదివి చెప్పింది. ఆ గాయకుడు పంపాడు. వాడి ఆఫీసు పంపింది. "నా పాటల్లో నువ్వు ఎప్పటికీ ఉంటావు" అని అచ్చువేసి ఉంది. కింద సంతకం కూడా అచ్చువేసిందే.

నేను వెళ్ళి మిషను దగ్గర కూర్చున్నాను. పాతిక మీటలు, మనకు కావాల్సింది ఒక్కటే. రెండు నిమిషాల్లో అర్థమైపోయింది. చెప్తున్నాను కదా, చెయ్యి తడబడలేదు. కొడుకు లేచి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. చివర్లో, "ఇక నేను కాదు, ఆయనే మాట్లాడతారు" అని నా వైపు చూశాడు.

పాట వేశాను. మొదటి చరణం అయింది. రెండో చరణంలో వాడు ఫోను మోగుతోంది, మోగుతోంది అన్నాడు. నేను మీట కిందికి జరిపేశాను.

ఆయన లేని చోట ఇంకెవడూ ఉండకూడదు. అంతే అనుకున్నాను. పెద్దగా ఆలోచించి చేసింది కాదు. నేను నోరు తెరవలేదు, మాట తప్పలేదు. ఎనిమిది దెబ్బలు లెక్కపెట్టి మీట పైకి జరిపాను. వాడి గొంతు సరిగ్గా పంక్తి మొదట్లో అందుకుంది. మిషను చెడిపోతే అలా అందుకుంటుందా? ఆ సంగతి ఒక్కరికీ తోచలేదు.

అయ్యాక మా అమ్మాయి ఆయన కొడుకు దగ్గరికి పోయి, సారీ, నాన్నకు ఆ మిక్సర్ అలవాటు లేదు అంది. ఆ అబ్బాయి నా భుజం తట్టి, ఇట్స్ ఓకే సర్ అన్నాడు. తిట్టినా బాగుండేది. కార్‌లో అమ్మాయి అడిగింది. "సరిగ్గా అంకుల్ వాయించే చోటే కట్ అయిందేంటి నాన్నా?"

"కట్ అవలేదు."

"మరి?"

"నేనే చేశాను."

సిగ్నల్ దగ్గర కారాపి నా వైపు తిరిగింది. ఎందుకంది. పచ్చలైటు పడింది, వెనకవాడు హారన్ కొట్టాడు, కారు కదిలింది. ఇప్పుడు రాశాను కదమ్మా, చదువుకో.

ఆయన కొడుక్కి తెలుగు రాదు. కాబట్టి ఇది రాసినా నేను మాట తప్పినట్టు కాదు. మీలో ఆ అబ్బాయిని ఎరిగినవాళ్ళున్నారు. చెప్పకూడదని మాటిచ్చింది నేను, మీరు కాదు.

గరాజ్‌లో సామాను ఈ వారం తీసేస్తారట. ఎల్పీ ఇంకా నా దగ్గరే ఉంది. అడిగినా ఇవ్వను.

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. నేను మీట దించగానే హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. కొడుకు, మా అమ్మాయి, పాస్టరు, నలభై యాభై మొహాలు. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీ పక్కన ఒక ముసలాయన మాత్రం తిరగలేదు. ఆయనెవరో నాకు తెలియదు. తర్వాత వెతికితే లేడు. నాకు కనపడింది ఆయన వీపు, ఒళ్ళో పెట్టుకున్న టోపీ అంచు, కుర్చీ కింద ఒక పాత బూటు. ఆ బూటు మడమ ఆగిన పాట తాళానికే చెక్క నేల మీద మెల్లగా పడుతోంది. ఒకటి, రెండు, మూడు. ఎవరికీ ఏమీ వినపడని ఆ హాల్లో అది ఒక్కటే వినపడుతోంది. నేను దాని వంకే చూస్తూ, ఎనిమిదోది పడేదాకా వేలు కదపలేదు.